ఇంటి సర్వర్‌తో ఇంటర్నెట్ పంచుకోవడం: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో ఉద్యోగాలకు, చదువులకు వచ్చి ఒకే ఫ్లాట్‌లో కలిసి ఉంటున్నవారు, కిందా పైనా వాటాల్లో ఉంటున్న ఉమ్మడి కుటుంబాలవారు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఇంట్లో అందరికీ సక్రమంగా అందించేలా పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకోవడం ఎలాగో ఇందులో ఉంది. దీనికి కంప్యూటర్ ఇంజనీరై ఉండనక్కరలేదు. చదివి అర్థం చేసుకునే ఓపిక, ఒక సెలవు రోజు ఉంటే చాలు.

కంపెనీవాళ్లు ఇచ్చిన వైఫై పెట్టె ఉంది కదా, మళ్లీ సర్వర్ ఎందుకు?

ఇంట్లో ఇద్దరే ఉంటే అక్కరలేదు. ఆ పెట్టెతోనే హాయిగా గడిచిపోతుంది. ఐదారుగురు ఉండి, పగలంతా ఆఫీసు మీటింగ్‌లు, రాత్రి సినిమాలు, గేములు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్స్ అన్నీ ఒకే తీగ మీద నడుస్తుంటే మాత్రం అది చాలదు.

నెట్ నెమ్మదిగా ఉందని చాలామంది 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 200కు మారతారు. అయినా మీటింగ్‌లో మాట తెగుతూనే ఉంటుంది. ఎందుకంటే అసలు ఇబ్బంది చాలాసార్లు వేగంలో ఉండదు, వరుసలో ఉంటుంది. ఒక లెక్క చూడండి. మీ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్. పక్క గదిలో ఒకరు పెళ్లి ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తున్నారు. బయటికి వెళ్లాల్సిన డేటా ఒక మెగాబైట్ మేర పెట్టెలో పేరుకుంది. అంటే 80 లక్షల బిట్లు. సెకనుకు రెండు కోట్ల బిట్ల చొప్పున అది ఖాళీ కావడానికి 0.4 సెకన్లు పడుతుంది. సరిగ్గా అప్పుడే మీరు మీటింగ్‌లో నోరు తెరిస్తే మీ మాట ఆ పోగు వెనకే నిలబడాలి. మాటను మోసే ప్యాకెట్, అంటే చిన్న డేటా మూట, దాదాపు 200 బైట్లు, ఫోటోలను మోసే ప్యాకెట్ 1,500 బైట్లు. కిరాణా దుకాణంలో నెల సరుకులు కట్టించుకునేవారి వెనక అగ్గిపెట్టె కోసం వచ్చినవాడు నిలబడినట్టు ఉంటుంది పరిస్థితి. జిమ్ గెటీస్ అనే ఇంజనీరు 2010లో ఈ రుగ్మతకు బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టి, ఇది ప్రపంచంలో ఇంటింటా ఉందని చూపించారు.

వరుసను చక్కదిద్దే పని కంపెనీ పెట్టెలు చాలావరకు చేయవు. ఆ పనిని మన చేతుల్లోకి తీసుకోవడానికే ఈ సర్వర్. మిగతావన్నీ దానితో పాటు వచ్చే లాభాలు.

ఆ సర్వర్ చేసే పని ఏమిటి?

బయటి తీగకూ ఇంట్లోని ఫోన్లకూ మధ్య కాపలా కాస్తుంది. ఇంట్లోని ప్రతి ఫోనుకూ, కంప్యూటర్‌కూ ఒక లోపలి చిరునామా ఇస్తుంది. దీని పేరు డీహెచ్‌సీపీ. అందరి రాకపోకలనూ ఒకే బయటి చిరునామా మీదుగా నడిపిస్తుంది. దీన్ని నాట్ అంటారు. వెబ్‌సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మార్చి చెబుతుంది, ఇది డీఎన్ఎస్. అడగని రాకపోకలను గుమ్మం దగ్గరే ఆపుతుంది, ఇది ఫైర్‌వాల్. ఇక వరుసను నడపడం గురించి పైన చెప్పాను.

నాట్ అవసరం ఎందుకొచ్చిందంటే, పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం కలిపి 429 కోట్లే. ప్రపంచం మొత్తానికి అవి చాలవు. అందుకే 1996లో మూడు చిరునామా వరుసలను ఇళ్లకు, ఆఫీసులకు లోపలి వాడకం కోసం కేటాయించారు. అవి 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. మీ ఫోనులో కనిపించే 192.168 అక్కడి నుంచి వచ్చిందే. మీ ఇంట్లోనూ ఎదురింట్లోనూ అదే అంకె ఉన్నా గొడవ రాదు, ఎందుకంటే అది గడప దాటదు.

ఏ కంప్యూటర్ పనికొస్తుంది? అటక మీద ఉన్న పాతది చాలా?

శక్తి సంగతైతే చాలు. పదేళ్ల నాటి ఐ3 డెస్క్‌టాప్ అయినా, 2 జీబీ ర్యామ్ ఉన్నా, ఇంటి ఇంటర్నెట్‌ను పంచడం దానికి తేలిక పని. ఆలోచించాల్సింది కరెంటు గురించి.

పాత డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా ఊరికే వెలుగుతూ ఉన్నా 50 వాట్లు తీసుకుంటుందనుకోండి. రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. కర్ణాటకలో గృహజ్యోతి పథకం వాడుకుంటున్నవారు ఈ అంకెను తేలికగా తీసుకోకూడదు. ఆ పథకంలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమే కానీ, సాధారణంగా ఒక్కో ఇంటికి దాని పాత వాడకపు సగటు మీద 10 శాతం కలిపి హద్దు కడతారు. హద్దు దాటితే ఆ తేడాకు డబ్బు కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. హద్దుకు దగ్గరగా ఉన్న ఇంటిని నెలకు 36 యూనిట్లు అటువైపు తోసేయగలవు.

అందుకే నా సలహా: పాతదానితో పని నేర్చుకోండి. నచ్చితే ఎన్100 లాంటి చిప్ ఉన్న చిన్న పెట్టె కంప్యూటర్‌కు మారండి. దాని సగటు వాడకం 10 వాట్లనుకుంటే నెలకు 7.2 యూనిట్లే. ఆఫీసులు అమ్మేసే పాత థిన్ క్లయింట్లు, అంటే తక్కువ శక్తి ఉన్న చిన్న కంప్యూటర్లు కూడా మంచివే. పాత ల్యాప్‌టాప్ ఉంటే దానికి బ్యాటరీ ఉండటం ఒక సుగుణం, కానీ ఉబ్బిన బ్యాటరీని మాత్రం తీసేసి వాడండి. రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ కూడా పనిచేస్తుంది. దానికి ముందు తరం 3బి ప్లస్ వద్దు, దాని నెట్‌వర్క్ పోర్టు పాత యూఎస్‌బీ మీదుగా నడుస్తుంది కాబట్టి 300 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది.

నెట్‌వర్క్ పోర్టులు రెండు ఉండాలా?

ఉండాలి. ఒకటి బయటికి, ఒకటి లోపలికి. డెస్క్‌టాప్‌లో ఒకటే ఉంటే లోపల ఇంకో కార్డు గుచ్చుకోండి, అదే మేలు. ఇంటెల్ చిప్ ఉన్న పాత కార్డు దొరికితే వదలకండి. చిన్న పెట్టెలకైతే యూఎస్‌బీ 3 అడాప్టర్ వాడవచ్చు. ఒకే పోర్టుతో, వీలాన్ (ఒకే తీగ మీద విడివిడి నెట్‌వర్క్‌లు నడిపే పద్ధతి) తెలిసిన స్విచ్ (ఒక కేబుల్‌ను పలు పరికరాలకు పంచే పెట్టె) సాయంతో నెట్టుకొచ్చే మార్గం ఉంది కానీ మొదటిసారి చేసేవారు దాని జోలికి పోవద్దు.

కేబుల్, సామాన్లు ఎక్కడ కొనాలి?

బెంగళూరులో దీనికి ఎస్.పి. రోడ్డు ఉండనే ఉంది. టౌన్‌హాల్‌కు దగ్గర్లో, ఇరుకు సందుల్లో కంప్యూటర్ విడిభాగాల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే బేరం చెప్పేవారు చాలామందే ఉంటారు.

కేబుల్ దగ్గర మాత్రం కళ్లు తెరిచి కొనండి. చవగ్గా ఇచ్చే క్యాట్ 6 కేబుళ్లలో చాలావాటి లోపల ఉండేది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. చిన్న ముక్క అడిగి తీసుకుని, లోపలి తీగ ఒకదాన్ని బ్లేడుతో గీకండి. గీకిన చోట తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది. అసలు రాగి గీకినా ఎర్రగానే ఉంటుంది. ఇంట్లో వాడకానికి క్యాట్ 5ఈ రాగి కేబుల్ చాలు. 100 మీటర్ల లోపు దూరానికి ఒక గిగాబిట్‌ను నిక్షేపంగా మోస్తుంది.

కొనుక్కుని మీరే కనెక్టర్ బిగించేట్లయితే రంగుల వరుస గుర్తుంచుకోండి. క్లిప్పు కిందికి, బంగారు పళ్లు పైకి, కేబుల్ మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరుస. ఆకుపచ్చ జత విడిపోయి దాని మధ్యలోకి నీలం జత రావడం చూసి పొరపాటేమో అనుకోకండి, అది అలాగే ఉండాలి. పైపొర కనెక్టర్ లోపలికి వచ్చేంతవరకు తోసి అప్పుడు నొక్కండి. తీగలు బయటికి కనిపిస్తుంటే కొన్నాళ్లకు ఊడిపోతాయి.

ఏ సాఫ్ట్‌వేర్ వేయాలి?

మూడు పేర్లు వింటారు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. 2004లో లింక్‌సిస్ కంపెనీ రౌటర్ సోర్స్ కోడ్ ఆధారంగా మొదలైంది, ఇవాళ మామూలు కంప్యూటర్ల మీదా నడుస్తుంది. పీఎఫ్‌సెన్స్, దాని నుంచి 2015లో విడిపోయిన ఓపీఎన్‌సెన్స్ రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి.

ఇంటికి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ తీసుకోండి. వరుసను అందంగా నడిపే కేక్ అనే పద్ధతి లైనక్స్ కెర్నల్‌లో 2018 నుంచి, అంటే 4.19 నుంచి ఉంది. ఫ్రీబీఎస్‌డీలో లేదు. మనం ఇంత శ్రమ పడుతున్నది వరుస కోసమే కాబట్టి నా దృష్టిలో ఎంపిక అక్కడే తేలిపోతుంది. ఇప్పటికే ఉబుంటు, డెబియన్ బాగా అలవాటైనవారు వాటిలో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేసి, ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో మాస్కరేడ్ నియమం రాసి, డీఎన్‌ఎస్‌మాస్క్ పెట్టుకుని అన్నీ చేతితో కట్టుకోవచ్చు. చాలా నేర్చుకుంటారు. కానీ మీరు ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఇంకొకరికి అది అర్థం కాదు. బ్రౌజర్‌లో తెరిచి చూసుకునే పేజీ ఉన్నది అందరికీ మేలు.

విండోస్‌లోనే ఇంటర్నెట్ షేరింగ్ ఉంది కదా?

ఉంది. 1999లో విండోస్ 98 రెండో విడతతోనే వచ్చింది. ఇప్పటి మొబైల్ హాట్‌స్పాట్ అయితే ఎనిమిది పరికరాలకే పరిమితం. ఒక రాత్రి అవసరానికి సరే. రోజంతా నడపడానికి, వరుసను సరిచేయడానికి అది పనికిరాదు. అప్‌డేట్ కోసం తనంతట తాను ఆగి మళ్లీ మొదలయ్యే యంత్రం మీద ఇంటిల్లిపాదీ ఆధారపడకూడదు.

బిగించే క్రమం చెప్పండి.

ముందు కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు భద్రం చేసుకోండి. డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ సైటు నుంచి ఎక్స్86 రకం, 64 బిట్ ఇమేజ్ (డిస్క్‌లోకి ఉన్నదున్నట్టుగా రాసే ఫైలు) దించుకుని డిస్క్‌లోకి గానీ పెన్‌డ్రైవ్‌లోకి గానీ రాయండి. అలా రాసిన దాని నుంచే కంప్యూటర్‌ను బూట్ చేయండి. మొదటి పోర్టు లోపలిది, రెండోది బయటిది అని అది తానే అనుకుంటుంది. ఏది మొదటిదో తెలియకపోతే ఒకదానికి ల్యాప్‌టాప్ తగిలించి చూడండి. 192.168.1తో మొదలయ్యే చిరునామా వస్తే అదే లోపలి పోర్టు.

ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిస్తే లాగిన్ పేజీ వస్తుంది. పేరు రూట్ (root), పాస్‌వర్డ్ ఖాళీ. బయటి తీగ తగిలించడానికి ముందే పాస్‌వర్డ్ పెట్టేయండి.

ఇప్పుడు చాలామంది చిక్కుకునే చోటు. కంపెనీ పెట్టెల్లో చాలావాటి చిరునామా కూడా 192.168.1.1. గడపకు అటూ ఇటూ ఒకే చిరునామా ఉంటే సర్వర్‌కు ఏ ప్యాకెట్‌ను ఎటు పంపాలో తెలియదు. నెట్ రాదు, ఎక్కడ తప్పు జరిగిందో కూడా అంతుచిక్కదు. అందుకని లోపలి చిరునామాను 192.168.10.1గా మార్చి, సేవ్ చేసి, ల్యాప్‌టాప్ కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. ఇకపై 192.168.10.1 దగ్గరే పేజీ తెరుచుకుంటుంది.

ఆ తర్వాత కంపెనీ పెట్టె నుంచి వచ్చే కేబుల్‌ను బయటి పోర్టుకు, ఇంట్లోని స్విచ్ లేదా వైఫై పెట్టె కేబుల్‌ను లోపలి పోర్టుకు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఒక సైటు తెరుచుకుందంటే సగం పని అయిపోయినట్టే. అక్కడితో సిస్టమ్ మెనూలో బ్యాకప్ తీసి ఫోనులో దాచుకోండి.

కంపెనీ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమంటారు, తప్పనిసరా?

తప్పనిసరి కాదు, మంచిది. మామూలుగా ఉంచితే ఆ పెట్టె ఒకసారి, మీ సర్వర్ ఒకసారి నాట్ చేస్తాయి. సినిమాలకు, మీటింగ్‌లకు తేడా తెలియదు. కొన్ని గేములు, బయటి నుంచి ఇంటికి రావడం వంటివి ఇబ్బంది పెడతాయి. బ్రిడ్జ్ చేస్తే ఆ పెట్టె ఊరికే తీగలా ఉండిపోతుంది, లాగిన్ బాధ్యత సర్వర్‌ది. అప్పుడు కంపెనీ నెట్‌లోకి లాగిన్ కావడానికి వాడే పీపీపీఓఈ పేరు, పాస్‌వర్డ్, కొన్నిచోట్ల వీలాన్ సంఖ్య అవసరం. ఇవి ముందే అడిగి కాగితం మీద రాసుకోండి. కస్టమర్ కేర్‌లో మొదట కాదంటారు. ఇంటికి వచ్చే టెక్నీషియన్‌ను మర్యాదగా అడిగితే చాలాసార్లు అక్కడికక్కడే చేసిపెడతారు. పాత రౌటర్ మాక్ చిరునామాకే, అంటే ఆ పరికరపు గుర్తింపు సంఖ్యకే కనెక్షన్‌ను ముడిపెట్టే కంపెనీలు ఉన్నాయి. అలాంటప్పుడు ఆ చిరునామాను సర్వర్ బయటి పోర్టులో నమోదు చేస్తే సరిపోతుంది.

సర్వర్‌కు వైఫై లేదు. ఫోన్లు ఎలా కలుస్తాయి?

మీ పాత వైఫై రౌటర్‌నే వాడండి. ముందుగా అందులో డీహెచ్‌సీపీ ఆపేయండి. ఒక ఇంట్లో చిరునామాలు పంచేవారు ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే సగం ఫోన్లకు నెట్ వచ్చి సగానికి రాదు. తర్వాత దాని సొంత చిరునామాను 192.168.10.2గా మార్చండి. సర్వర్ నుంచి వచ్చే కేబుల్‌ను దాని వాన్ (బయటి) పోర్టుకు కాకుండా నాలుగు లాన్ (లోపలి) పోర్టుల్లో ఒకదానికి పెట్టండి. అంతే, అది వట్టి వైఫై కేంద్రం అయిపోతుంది.

దాన్ని టీవీ వెనక దాచకండి. ఇంటి మధ్యలో, ఎత్తులో ఉంచండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల గోడ గోడకూ ఒక వైఫై ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మూడూ కిక్కిరిసి ఉంటాయి. పనిచేసుకునే గదుల్లో 5 గిగాహెర్ట్జ్ వాడండి. కదలని టీవీకీ, డెస్క్‌టాప్‌కూ కేబుల్ వేసేస్తే మిగతావారికి గాలిలో చోటు దొరుకుతుంది.

వరుసను చక్కదిద్దడం ఎలా?

ఇది తప్పకుండా చేయండి. సర్వర్ పెట్టి ఇది చేయకపోతే పెట్టిన ఫలం దక్కదు.

ముందు రోగం ఉందో లేదో చూడండి. ఒక ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి, గూగుల్ నడిపే 8.8.8.8 చిరునామాకు పింగ్ పెట్టండి, అంటే పలకరించి జవాబుకు ఎంతసేపు పడుతుందో చూసే కమాండ్ ఇవ్వండి. ఎవరూ వాడనప్పుడు బెంగళూరులో అది కొద్ది మిల్లీసెకన్లే చూపిస్తుంది. ఆ పింగ్ నడుస్తుండగానే ఇంకో కంప్యూటర్‌లో పెద్ద ఫైలు అప్‌లోడ్ చేయండి. అంకె వందల్లోకి ఎగబాకితే వరుస చెడిందన్నమాట.

ఇప్పుడు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో వరుసను నడిపే ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వేసుకోండి. బయటి పోర్టును ఎంచుకుని, పద్ధతిగా కేక్‌ను, స్క్రిప్టుగా పీస్ ఆఫ్ కేక్‌ను పెట్టండి. వేగాల దగ్గర మీ ప్లాన్ అంకెలు రాయకండి. తెల్లవారుజామున, సాయంత్రం రద్దీలో కొలిచి, వచ్చిన వాటిలో తక్కువ అంకెలో 90 శాతం రాయండి. పది శాతం ఎందుకు వదులుకోవాలి అని అందరూ అడుగుతారు. వరుస ఎక్కడ పేరుకుంటే అక్కడే దాన్ని సర్దగలం. పూర్తి వేగం ఇచ్చేస్తే పోగు కంపెనీ పెట్టెలో చేరుతుంది, దాని మీద మనకు అధికారం లేదు. కాస్త తగ్గిస్తే పోగు మన సర్వర్‌లోనే ఏర్పడుతుంది. అక్కడ చిన్న ప్యాకెట్లను ముందుకు పంపడం కేక్ చూసుకుంటుంది.

ఇంకొక్క మెట్టు ఉంది. మామూలుగా నాట్ వెనకున్న పరికరాలు కేక్‌కు విడివిడిగా కనిపించవు, కనెక్షన్లను బట్టే పంచుతుంది. ఒకరు టొరెంట్‌లో 40 కనెక్షన్లు తెరిస్తే, ఒకే కనెక్షన్‌తో మీటింగ్‌లో ఉన్నవారికి అన్యాయమే జరుగుతుంది. అడ్వాన్స్‌డ్ అమరికల్లో నాట్ (nat) అనే మాటతో పాటు లోపలికి డ్యూయల్ డీఎస్‌టీ హోస్ట్ (dual-dsthost), బయటికి డ్యూయల్ ఎస్ఆర్‌సీ హోస్ట్ (dual-srchost) అని ఇస్తే మనిషి మనిషికీ, అంటే పరికరం పరికరానికీ సమానంగా పంచుతుంది. మిగతావారు వాడనప్పుడు ఉన్న ఒక్కరికీ మొత్తం వేగం దక్కుతుంది. ఎవరి నోటికీ తాళం వేయదు, ఎవరినీ ఆకలితో ఉంచదు. కలిసి ఉండే ఫ్లాట్లలో నీ డౌన్‌లోడ్ వల్లే నా మీటింగ్ పోయింది అనే తగాదాలు దీనితో ఆగిపోతాయి. తర్వాత అదే పింగ్ పరీక్ష మళ్లీ చేసి చూడండి.

మాది 200 ప్లాన్, ఎంత కొలిచినా 94 దగ్గరే ఆగుతోంది.

ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్‌కు దిగిపోయింది. 94, 95 అనే అంకె దానికి గుర్తు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, నాలుగే సరిగా తగులుతుంటే 100కు పడిపోతుంది. కనెక్టర్ మళ్లీ బిగించండి లేదా కేబుల్ మార్చండి. అప్పటికీ తగ్గకపోతే మధ్యలో ఉన్న స్విచ్ పాతకాలపు 100 రకమేమో చూడండి.

కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి.

పీపీపీఓఈ వాడుతుంటే మొదట అనుమానించాల్సింది ప్యాకెట్ కొలతను. పీపీపీఓఈ తన వంతుగా 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1,500కు బదులు 1,492 బైట్లే పడతాయి. ఫైర్‌వాల్ పేజీలో వాన్ వరుసకు ఎదురుగా ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్లను ఆ కొలతకు తగ్గించే అమరిక) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉండాలి.

ప్రకటనలు కూడా ఆపుతుందా?

కొన్నింటిని. సర్వర్‌లో యాడ్‌గార్డ్ హోమ్ గానీ, వేరే చిన్న యంత్రంలో పై-హోల్ గానీ పెడితే, ప్రకటనలు పంపే పేర్లను అడిగినప్పుడు అవి జవాబివ్వవు. వార్తల సైట్లు తేలికపడతాయి. పెద్దవాళ్ల ఫోన్లలో అడుగడుగునా ఎదురయ్యే మోసపు పేజీలు కూడా చాలావరకు తగ్గుతాయి, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. యూట్యూబ్ ప్రకటనలు మాత్రం ఆగవు. వీడియో వచ్చే చోటి నుంచే అవీ వస్తాయి.

పిల్లలకు రాత్రి పదింటికి నెట్ ఆపవచ్చా?

ఫైర్‌వాల్‌లో పరికరాన్ని బట్టి, వేళను బట్టి నియమం పెట్టవచ్చు. అయితే ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైలో తమ అసలు మాక్ చిరునామాకు బదులు కల్పిత చిరునామా చూపిస్తాయి. ఇంటి వైఫైకి ఆ ఫోనులో ఆ సదుపాయం ఆపేయాలి. అంతకంటే పిల్లలకు వేరే వైఫై పేరు పెట్టి, ఆ వైఫైకే వేళలు నిర్ణయించడం సుళువు. ముందుగా వాళ్లకు చెప్పి చేయండి.

ఆఫీసు నుంచి ఇంటి సర్వర్‌లోకి రావచ్చా?

ముందు సర్వర్ బయటి చిరునామా చూడండి. కంపెనీ పెట్టె బ్రిడ్జ్‌లో ఉన్నా అది 100.64 నుంచి 100.127 మధ్యలో గానీ, 10తో మొదలయ్యేదిగా గానీ ఉంటే మీ కంపెనీ కూడా మీలాగే ఒక చిరునామాను చాలా ఇళ్లకు పంచుతోంది. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేదాన్ని లోపలి పరికరానికి పంపే అమరిక) ఎంత చేసినా పనిచేయదు, దాని మీద గంటలు వృథా చేయకండి. నెలకు కొంత కట్టి స్థిర చిరునామా తీసుకోవడం ఒక దారి. ఐపీవీ6 అనే కొత్త పద్ధతి చిరునామా వస్తుంటే అది ఇంకో దారి. ఏదీ కుదరకపోతే టెయిల్‌స్కేల్ లాంటి సేవ పనికొస్తుంది.

ఏ దారిలో వచ్చినా వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (తాళం వేసిన రహస్య దారి) ద్వారానే రండి. సర్వర్ లాగిన్ పేజీని నేరుగా బయటి ప్రపంచానికి తెరవడం ప్రమాదం. తెరిచిన కొద్దిసేపటికే ఎక్కడెక్కడి నుంచో యంత్రాలు పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడం మొదలుపెడతాయి.

రెండు కనెక్షన్లు కలిపితే వేగం రెట్టింపవుతుందా?

ఒక ఫైలు దించుకునేటప్పుడు కాదు. ఎక్కువమంది వాడుతున్నప్పుడు భారం రెండింటి మీదా పంచుకుంటుంది. అసలు లాభం వేరు. ఈ ఊళ్లో రోడ్డు తవ్వితే ఫైబర్ తెగుతుంది, చెట్టుకొమ్మ పడితే పైనుంచి వేలాడే కేబుల్ తెగుతుంది. రెండు కనెక్షన్లను నడిపే ఎండబ్ల్యూఏఎన్3 ప్యాకేజీ వేసి, 4జీ డాంగిల్‌ను రెండో దారిగా పెట్టుకుంటే మొదటిది పోగానే రెండోది అందుకుంటుంది. మొదటిది బతికుందో లేదో తెలుసుకోవడానికి ఒక్క చిరునామాకే కాకుండా రెండు మూడింటికి పింగ్ పెట్టించండి.

కరెంటు పోతే?

కంపెనీ పెట్టె, సర్వర్, వైఫై మూడింటికీ బ్యాకప్ ఉండాలి. ఒక్కటి ఆగినా నెట్ ఆగినట్టే. ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలో కంప్యూటర్ ఆగిపోవచ్చు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే అమరికల పేజీలో, కరెంటు తిరిగి వచ్చాక తానే ఆన్ అయ్యే అమరిక ఉంటుంది, అది తప్పకుండా పెట్టండి. లేకపోతే మీరు ఊళ్లో ఉన్నప్పుడు ఎవరో ఒకరు బటన్ నొక్కాల్సి వస్తుంది.

పక్కింటివారికి కేబుల్ లాగి, నెలకు కొంత తీసుకోవచ్చా?

వద్దు. ఇంటి కనెక్షన్‌ను డబ్బుకు తిరిగి అమ్మడానికి కంపెనీల ఒప్పందాలు ఒప్పుకోవు, అనుమతి లేకుండా ఇంటర్నెట్ సేవ అమ్మడం చట్టరీత్యా కూడా చెల్లదు. పైగా కనెక్షన్ మీ పేరు మీద ఉంది. అవతలివారు ఏం చేసినా మొదట తలుపు తట్టేది మీ ఇంటినే. హాస్టల్ గానీ, టీ దుకాణం గానీ నడుపుతూ వచ్చినవారికి నెట్ ఇవ్వాలనుకుంటే కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి పథకం ఉంది. అందులో చిన్న దుకాణదారుడికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ రుసుము అక్కరలేదు. నమోదైన మధ్యవర్తి సంస్థ ద్వారా చేరితే చాలు.

ఇంకో సంగతి, ప్రాణానికి సంబంధించినది. రెండు భవనాల మధ్య ఆరుబయట రాగి కేబుల్ లాగకండి. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలకు పిడుగు దగ్గర్లో పడినా ఆ తీగ గుండా రెండిళ్ల పరికరాలూ కాలిపోతాయి, ముట్టుకున్నవారికీ ముప్పే. మీ సొంత వాటాలే రెండు భవనాల్లో ఉంటే ఫైబర్ వేయించండి.

బంధువులు వస్తే వైఫై పాస్‌వర్డ్ ఇవ్వాలా?

అతిథులకు వేరే పేరుతో వైఫై పెట్టి దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. వాళ్లకు నెట్ వస్తుంది, మీ కంప్యూటర్లూ కెమెరాలూ కనబడవు. అయితే ముందు చెప్పిన వట్టి వైఫై కేంద్రంలో ఆ రెండూ విడివడి ఉండాలంటే వీలాన్ కావాలి. కాబట్టి అది తెలిసిన రౌటర్ కొనుక్కునేంతవరకు అపరిచితులకు ఇవ్వకపోవడమే మంచిది.

నెట్ ఆగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లోపలి నుంచి బయటికి వెళ్లండి. ముందు ఫోనులో చిరునామా చూడండి. 169.254తో మొదలైతే, లేదా అసలు చిరునామాయే రాకపోతే సర్వర్ నుంచి అందలేదన్నమాట, తప్పు ఇంట్లోనే ఉంది. చిరునామా సరిగా ఉంటే 192.168.10.1కు పింగ్ పెట్టండి. జవాబు రాకపోతే సర్వర్ ఆగింది లేదా కేబుల్ ఊడింది. వస్తే 8.8.8.8కు పెట్టండి. దానికి రాకపోతే తప్పు బయట ఉంది, ఇక కంపెనీకి ఫోన్ చేయండి. దానికీ వచ్చి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లు చెప్పే డీఎన్ఎస్ పాడైంది. యాడ్‌గార్డ్‌ను ఆపి చూడండి. ఈ క్రమాన్ని ఒక కాగితం మీద రాసి సర్వర్ పక్కన అంటించండి. మీరు లేనప్పుడు ఇంట్లోవారికి ఆధారం అదే.

అద్దె ఇల్లు మారుతున్నాం. మళ్లీ మొదటి నుంచి చేయాలా?

అక్కరలేదు. లోపలి చిరునామాలు, నియమాలు అన్నీ సర్వర్‌లోనే, వైఫై పేర్లు మీ వైఫై రౌటర్‌లోనే ఉంటాయి. కొత్త ఇంట్లో కొత్త కంపెనీ తీసుకుంటే మారేవి రెండే: బయటి పోర్టు లాగిన్ వివరాలు, ఎస్‌క్యూఎంలో వేగాలు. బయలుదేరే ముందు ఇంకోసారి బ్యాకప్ తీయండి. కేబుళ్లకు రెండు చివర్లా పేర్లు రాసిన కాగితం చుట్టండి. కంపెనీ ఇచ్చిన పెట్టె వారిది కాబట్టి తిరిగి ఇచ్చి రశీదు తీసుకోవడం మర్చిపోవద్దు, డిపాజిట్ వెనక్కి రావాలంటే ఆ రశీదే కావాలి.